రేచెలు కార్సను జీవితము

పంటపై చల్లిన మందు పురుగుతో ఆగదనియు, అది నేలలోనికిని నీటిలోనికిని దిగి, చేపలకును పక్షులకును తుదకు మనుష్యులకును చేరుననియు నేడు మన పాఠశాలలోని చిన్న తరగతుల పిల్లలు సైతము చెప్పగలరు. 1960 వ సంవత్సర ప్రాంతమున ఈ మాట చెప్పుట అంత సులభము కాదు. తెలిసిన శాస్త్రజ్ఞులు కొందఱు తమ శాస్త్రపత్రికలలో వ్రాసికొని యూరకుండిరి. మఱికొందఱు మనకేలయని మిన్నకుండిరి. దానిని సామాన్యజనులకు తెలియు భాషలో, వెఱపు లేక వ్రాసి ప్రకటించిన స్త్రీ రేచెలు కార్సను. ఆమె ఆ గ్రంథమును వ్రాయుచున్న కాలమున ప్రాణాంతకమగు వ్యాధి ఆమె దేహమున వ్యాపించుచుండెను. ఈ రెండవ సంగతి నెఱిగినవారు నాడు మిక్కిలి కొలదిమంది.

రేచెలు 1907 వ సంవత్సరము మే నెల 27 వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెన్సిల్వేనియాయందు, అలెఘనీ నదీతీరమున నున్న స్ప్రింగుడేలు అను చిన్న యూర జన్మించెను. తల్లిదండ్రుల ముగ్గురు బిడ్డలలో ఈమె కడగొట్టుది. వారికి 65 ఎకరముల భూమి యుండెను గాని దానివలన ఆదాయము స్వల్పము. తండ్రి రాబర్టు ఎంత పాటుపడినను ఆ యిల్లు కలిమి నెఱుగదు. తల్లి మరియా ప్రెస్బిటీరియను సంఘకాపరి కుమార్తె. వివాహమునకు పూర్వము ఉపాధ్యాయినిగా నుండెను. ఆమె చిన్న కుమార్తెను చేయిపట్టుకొని తోటలలోను అడవి దారులలోను త్రిప్పి, పక్షుల కూతలను, పురుగుల నడతలను, పూవుల పేళ్లను నేర్పుచుండెను. ఇంటిలోనికి వచ్చిన పురుగును సయితము చంపనీయక, బయట విడిచి రమ్మని పిల్లలను పంపుచుండెడిదట. పదునొకండేండ్ల ప్రాయమున, 1918 లో, రేచెలు వ్రాసిన కథ యొకటి సెయింటు నికోలసు అను పిల్లల పత్రికలో అచ్చుపడెను. సైన్యమునందున్న అన్న యింటికి వ్రాసిన జాబులోని విమానవీరుని సంగతియే ఆ కథకు మూలము. నాటినుండియు తాను రచయిత్రిని కావలయునని ఆమె కోరిక.

1925 లో ఆమె పిట్సుబర్గు నగరమునందలి పెన్సిల్వేనియా స్త్రీల కళాశాలలో చేరెను. జీతము కట్టుటకు చాలక, తల్లి ఇంటిలోని పింగాణి పాత్రలను గూడ అమ్మవలసివచ్చెను. మొదట ఆంగ్లసాహిత్యమును తీసికొన్న రేచెలు, మిస్ మేరీ స్కింకరు అను ఉపాధ్యాయిని చెప్పిన జీవశాస్త్ర పాఠములు విని, ఆ శాస్త్రమునకే మారెను. శాస్త్రరంగమున స్త్రీకి ఉద్యోగము దొరకదని హితవు చెప్పినవారు పలువురు. ఒక ఉపాధ్యాయిని పాఠము ఒక జీవితమును మలుపు త్రిప్పుట మా వృత్తిలో అరుదుగా కన్నులకు కనబడు విషయము. అందుచే మిస్ స్కింకరు పేరు ఇచట వ్రాయక మానలేకపోయితిని.

1929 లో పట్టము పొందిన పిదప ఆ వేసవిలో రేచెలు ఉడ్సుహోలు అనుచోట గల సముద్రజీవ పరిశోధనశాలకు వెళ్లెను. చిన్ననాటినుండి సముద్రమును గూర్చి చదివియు, కలలు కనియు నున్న ఆమె, సముద్రమును కన్నులార చూచినది ఇరువది రెండేండ్ల వయస్సున. పిమ్మట జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయమున చేరి, జెల్లజాతి చేప పిండమునందు మూత్రపిండ మెట్లు ఏర్పడునో పరిశోధించి 1932 లో జంతుశాస్త్రమున ఎమ్.ఏ. పట్టము గైకొనెను. డాక్టరు పట్టమునకై ఆరంభించిన చదువు 1934 లో డబ్బు లేక ఆగిపోయెను. మఱుసటి యేడు తండ్రి మరణించెను. 1937 లో అక్కయు మరణించి, ఇద్దఱు ఆడుబిడ్డలను విడిచిపోయెను. తల్లి పోషణము, ఆ పిల్లల పోషణము ఆమెపై బడెను.

ప్రభుత్వ మత్స్యశాఖలో సముద్రజీవులను గూర్చి రేడియోలో చెప్పుటకు 52 చిన్న ప్రసంగములు వ్రాయు పని ఆమెకు మొదట దొరికెను. 1936 లో పరీక్షలో నెగ్గి అచటనే స్థిరమగు ఉద్యోగము సంపాదించెను. ఒకసారి ఆమె వ్రాసి యిచ్చిన వ్యాసమును చూచి, పై యధికారి అది ప్రభుత్వ కరపత్రమునకు తగదనియు, అంత చక్కని రచనను మంచి పత్రికకు పంపవలసినదనియు త్రిప్పి యిచ్చెను. అట్లంటిక్ మంత్లీ పత్రికలో 1937 సెప్టెంబరున అది ప్రకటింపబడెను. త్రిప్పివేయుటయే మేలైన సందర్భములలో ఇది యొకటి. దాని ననుసరించి వ్రాసిన ఆమె మొదటి గ్రంథము 1941 నవంబరులో వెలువడెను. కొలది వారములకే అమెరికా యుద్ధమున ప్రవేశించుటచే దానిని కొన్నవారు మిక్కిలి కొలదిమంది. పదియేండ్ల తరువాత, 1951 లో, ది సీ అరౌండ్ అస్ అను సముద్రచరిత్ర గ్రంథము ప్రకటింపగా, అది 86 వారములు అత్యధికముగా అమ్ముడుపోవు పుస్తకముల పట్టికలో నిలిచెను. 1952 లో జాతీయ గ్రంథ బహుమానము లభించెను. అంతట ఆమె ఉద్యోగము విడిచి, మెయిను రాష్ట్రపు సముద్రతీరమున ఒక చిన్న యిల్లు కట్టించుకొని, వేసవులు అచట గడుపుచు, కోరిన రచనాజీవితము నారంభించెను. ఆమె కథ ఇచట ముగిసియున్నయెడల, సుఖాంతమే యగును.

ఇక డి.డి.టి. సంగతి చెప్పవలయును. ఈ పదార్థము 1874 లోనే తయారైనను, ఇది పురుగులను చంపునని 1939 లో స్విట్జర్లాండు దేశపు పాల్ ముల్లరు కనుగొనెను. అందులకై 1948 లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికుల వస్త్రములలోని పేలను చంపి ఇది టైఫసు జ్వరము నణచెను. దోమ మలేరియాను మోయుటకు గుఱుతును రోనాల్డు రాసు 1897 లో మన సికిందరాబాదుననే కనుగొన్న సంగతి విద్యార్థు లెఱుగుదురు. ఆ దోమపై యుద్ధమునకు 1953 లో మన దేశమున ప్రభుత్వము పూనుకొన్నప్పుడు ముఖ్యమగు ఆయుధము డి.డి.టి.యే. ఇంటి గోడలకు దీనిని చల్లిన పిదప జ్వరము తగ్గిన గ్రామములు లెక్కలేనన్ని. ఈ మేలును మఱచి రేచెలు కథ చెప్పుట న్యాయము కాదు.

చిక్కు ఎచట వచ్చెననగా, ఇండ్లలోని గోడలకు చాలునన్న దానిని అమెరికాలో విమానములనుండి అడవులపైనను, ఊళ్లపైనను, పొలములపైనను వర్షమువలె కురిపించిరి. ప్రభుత్వ పరిశోధకుల పత్రములు చూచుచుండిన రేచెలు 1945 లోనే దీనిని గూర్చి వ్రాసెదనని ఒక ప్రసిద్ధ పత్రికకు తెలిపెను, వారు వలదనిరి. 1958 జనవరిలో మసాచుసెట్సునుండి ఓల్గా హకిన్సు అను స్నేహితురాలు జాబు వ్రాసెను. దోమలకై విమానమునుండి చల్లిన మందు తన పక్షిశరణాలయముపై బడి, పక్షులు నీటితొట్టి చుట్టును చచ్చి పడెనని ఆమె మొఱ. రేచెలు ఈ విషయమును వేఱెవరైన వ్రాయుదురేమోయని మొదట ప్రయత్నించెను. ఆమెకు అప్పటికే ఏబదియేండ్లు. ముందు సంవత్సరమే మేనకోడలు చనిపోగా, అయిదేండ్ల పసివానిని దత్తత తీసికొనియుండెను. ఆ యేటి డిసెంబరులో తల్లియు కన్నుమూసెను. అయినను ఎవరును ముందునకు రానందున తానే కలము పట్టెను.

నాలుగేండ్లు ఆమె దేశమునందలి పరిశోధకులకు జాబులు వ్రాయుచు, వచ్చిన పత్రములను సరిచూచుచు పని చేసెను. ఆమె సేకరించిన వానిలో రెండు దృష్టాంతములు మన విద్యార్థులు బాగుగా గ్రహింపదగినవి. మిచిగను స్టేట్ విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఎల్ము చెట్ల తెగులును అణచుటకు 1954 నుండి డి.డి.టి. చల్లిరి. ఆకులు రాలెను, వానపాములు ఆ యాకులను తిని విషమును తమ దేహమున నిలువ చేసికొనెను, మఱుసటి వసంతమున వచ్చిన రాబిను పక్షులు వానపాములను తిని గిలగిల కొట్టుకొని చచ్చెను. చెట్టుపై చల్లినది పక్షిపై కాదు, అది ఋతువు మాఱి పోయి తగిలినది.

రెండవది కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సు. అచట మనుష్యులను కుట్టని చిన్న యీగలు గుంపులుగా లేచి జాలరులకును, తీరవాసులకును చీకాకు కలిగించుచుండెను. వానిని తొలగించుటకు డి.డి.టి.కి చెల్లెలివంటి డి.డి.డి.ని 1949 లో ఏడుకోట్ల పాళ్ల నీటికి ఒక పాలు చొప్పునను, తరువాత 1954, 1957 సంవత్సరములలో అయిదుకోట్లకు ఒక పాలు చొప్పునను కలిపిరి. ఇంత పలుచని మందు ఎవరికేమి చేయునని అందఱును తలచిరి. కాని నీటిలో తేలియాడు సూక్ష్మజీవులయందు అది పదిలక్షలకు 5 పాళ్లుగా కూడెను. వానిని తిన్న చేపలలో అంతకు హెచ్చెను. చేపలను తిను గ్రీబు అను నీటిపక్షుల క్రొవ్వులో 1600 పాళ్లు కనబడెను. లెక్క కట్టిచూడుడు: నీటిలో నున్నదానికి ఎనుబదివేల రెట్లు! పూర్వము వేయి జంటలు గూళ్లు కట్టిన ఆ సరస్సున 1960 నాటికి మిగిలినవి ముప్పది జంటలు మాత్రమే. అంతేకాక, మందునకు చావక మిగిలిన పురుగుల సంతతి ఆ మందును లక్ష్యపెట్టదనియు, మోతాదు పెంచినకొలది పురుగు బలియుననియు ఆమె వివరించెను. మన దేశమున మలేరియా 1960 వ దశాబ్దమున దాదాపు అడుగంటి, 1976 లో అఱువది లక్షలకు పైగా రోగులతో మరల లేచినప్పుడు, ఈ మాట ఎంత నిజమో తెలియవచ్చెను.

1960 వసంతమున ఆమె రొమ్మునకు శస్త్రచికిత్స జరిగెను. అది పుట్టకురుపని వైద్యుడు ఆమెకు స్పష్టముగా చెప్పలేదు. డిసెంబరునాటికి వ్యాధి వ్యాపించినదని వేఱొక వైద్యునివలన తెలిసికొనెను. తరువాత కీళ్ల బాధచే నడువలేకయు, కంటి వాపుచే కొన్ని వారములు చదువలేకయు, ఒకరిచే చదివించుకొని వ్రాత దిద్దెను. ఈ రోగము సంగతి బయటపడిన యెడల, తన బాధవలన మందులపై పగబట్టి వ్రాసినదని విరోధు లందురని ఆమె భయము. కావున సన్నిహితులకు దప్ప ఎవరికిని చెప్పనీయలేదు.

సైలెంటు స్ప్రింగు, అనగా నిశ్శబ్ద వసంతము, 1962 జూనునుండి న్యూయార్కరు పత్రికలోను, సెప్టెంబరు 27 వ తేదీన పుస్తకముగాను వెలువడెను. వెలువడకముందే వెల్సికాలు అను మందుల సంస్థ ప్రకాశకులకు వ్యాజ్యపు బెదిరింపు జాబు వ్రాసెను. మోన్శాంటో సంస్థ పురుగుమందులు లేని లోకము ఎంత ఘోరముగా నుండునో చిత్రించి పరిహాస రచన ప్రకటించెను. పెండ్లికాని స్త్రీకి ముందు తరముల చింత యేలయనియు, ఆమె శాస్త్రజ్ఞురాలే కాదనియు ఆడిపోసికొనిరి. మందుల మేలును ఆమె చాలినంత చెప్పలేదన్న ఆక్షేపణయు వచ్చెను. దానిలో కొంత నిజము లేకపోలేదని నా యభిప్రాయము. కాని మందులన్నిటిని నిషేధింపుడని ఆమె ఎన్నడును వ్రాయలేదు. తెలియని విషమును తెలియనివారి చేతులలో అంత విచ్చలవిడిగా పెట్టరాదనియే ఆమె వాదము.

అధ్యక్షుడు కెనడీ తన శాస్త్రసలహా సంఘమును విచారింపుమనెను. 1963 మే 15 వ తేదీన వెలువడిన ఆ సంఘపు నివేదిక ముఖ్యాంశములలో రేచెలు పక్షముననే పలికెను. జూను 4 వ తేదీన ఆమె సెనేటు ఉపసంఘము నెదుట సాక్ష్య మిచ్చెను. చికిత్సచే జుట్టు రాలినందున కృత్రిమపు జుట్టు ధరించి, కష్టముమీద నడచి వచ్చి, కుర్చీలో నిబ్బరముగా కూర్చుండి మాటాడిన ఆ స్త్రీ మృత్యుముఖమున నున్నదని చూచినవారిలో ఎవరు గ్రహించిరి? 1964 ఏప్రిలు 14 వ తేదీన మేరిలాండు రాష్ట్రములోని సిల్వర్ స్ప్రింగునందలి తన గృహమున ఏబదియాఱేండ్ల ప్రాయమున ఆమె మరణించెను.

1970 లో అమెరికా ప్రభుత్వము పరిసర రక్షణకై ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. 1972 లో ఆ సంస్థ పంటలపై డి.డి.టి.ని నిషేధించెను. మన దేశమున వ్యవసాయమునందు దీని వాడుక 1989 లో నిషేధింపబడెను. రోగములను మోయు దోమలకు మాత్రము దీనిని వాడుటకు 2001 నాటి స్టాక్‌హోము ఒడంబడిక అనుమతి నిచ్చినది. కాబట్టి ఆమెవలన మలేరియా రోగులకు మందు లేకపోయెనను నిందకు ఆధారము లేదు. అమెరికా జాతీయపక్షియగు బట్టతల గ్రద్దకు 1963 లో ఆ దేశపు ప్రధాన భూభాగమున 417 జంటలు మాత్రమే మిగిలియుండెను. 2007 లో తొమ్మిదివేల జంటలకు పైబడగా, దానిని అంతరించు జీవుల పట్టికనుండి తొలగించిరి.

రేచెలు దేహభస్మములో సగము తల్లి సమాధి ప్రక్కను పూడ్చిరి. మిగిలిన సగమును ఆమె స్నేహితురాలు మెయిను తీరమున, ఆమె కోరికమేరకు, సముద్రమున కలిపెను. ఆమె పెంచుచుండిన బాలునికి అప్పటికి పండ్రెండేండ్లు. ఆమె పుస్తకములకు సంపాదకుడగు పాల్ బ్రూక్సు వానిని తన యింటికి గొనిపోయి పెంచెను.