అడాల్ఫ్ ఆండర్సెన్: చదరంగమున వాసికెక్కిన ఉపాధ్యాయుడు

చదరంగము భరతఖండమున పుట్టి, పారసీక అరబ్బు దేశముల మీదుగా ఐరోపా చేరిన క్రీడ. ఆ ఖండమున దానికి వన్నె తెచ్చినవారిలో అడాల్ఫ్ ఆండర్సెన్ అను జర్మను ఉపాధ్యాయుడు అగ్రగణ్యుడు. విద్యార్థులు ఈతని జీవితమునుండి నేర్వదగినవి రెండు గలవు. అవి, ఇయ్యవలసిన సమయమున వెనుదీయక యిచ్చుటయు, ఓడిన దినమున ప్రత్యర్థి ఆధిక్యమును నొప్పుకొనుటయు.

ఆండర్సెన్ 1818వ సంవత్సరము జూలై 6వ తేదీన ప్రష్యా రాజ్యములోని బ్రెస్లౌ నగరమున జన్మించెను. ఆ నగరము నేడు పోలండు దేశములో వ్రొట్స్వాఫ్ అను పేరుతో నున్నది. విద్య ముగించిన పిమ్మట అతడు స్వస్థలమందే ఫ్రెడరిక్ గిమ్నాజియము అను పాఠశాలలో గణితము బోధించెను. వివాహమాడక, తల్లితోను సోదరితోను నిరాడంబరముగ జీవించెను. చదరంగము అతనికి తీరిక వేళల వినోదమే కాని జీవనోపాధి కాదు. 1842లో తాను కల్పించిన 60 చదరంగ సమస్యలను గ్రంథముగ ప్రకటించెను.

1851లో లండను నగరమున మొదటి అంతర్జాతీయ చదరంగపు పోటీ జరిగెను. 16 మంది పాల్గొనిన ఆ పోటీలో, లోకమంతగా ఎఱుగని ఈ ఉపాధ్యాయుడు ప్రథమ బహుమతి పొందెను. అయినను అతని పేరు నిలిపినది ఆ బహుమతి కాదు; అదే సంవత్సరము జూన్ 21వ తేదీన, పోటీకి వెలుపల, లయొనెల్ కీసెరిట్జ్‌కీతో సరదాకై ఆడిన యొక ఆట.

ఆండర్సెన్ తెల్లపావులతో ఆడెను. రెండవ యెత్తుననే ఒక బంటును ఎరగా విడిచెను. పిదప ఒక శకటును పోనిచ్చి, ఆ వ్యవధిలో తన బంట్లను నడపి ప్రత్యర్థి మంత్రిని నిలువనీక తఱిమెను. తరువాత రెండు ఏనుగులనును విడిచెను. వానిని పట్టవచ్చిన నల్లమంత్రియు నల్లశకటును తమ రాజునకు దూరమై, తెల్లవారి మొదటి వరుసలో నిలిచిపోయినవి. అంతలో ఆండర్సెన్ ఒక బంటును ఒక గడి జరిపి, ఆ మంత్రి మరలివచ్చు కోణపు దారిని మూసెను. 22వ యెత్తున తన మంత్రినే గుఱ్ఱమునకు అప్పగించి, 23వ యెత్తున శకటుతో ఆట కట్టించెను. రెండు గుఱ్ఱములును ఒక శకటును నల్లరాజును బంధించెను. ఆ క్షణమున కీసెరిట్జ్‌కీ కోల్పోయినవి మూడు బంట్లు మాత్రమే! ఓడిన ఆతడే ఆ యాటను తన పత్రికలో ప్రకటించెను. దానికి తరువాత అమరక్రీడ యను పేరు వచ్చెను.

నల్లవారు మఱింత మెలకువతో ఆడియున్న తప్పించుకొనెడివారని పిదపటి విమర్శకులు చూపిరి. నిజమే. కాని పట్టుటయందలి ఆశయే వారిని చెఱచినది. ఆండర్సెన్ ఇచ్చిన ప్రతిపావునకును ఒక లక్ష్యము గలదు. లక్ష్యమెఱిగి ఇచ్చుట త్యాగము. ఎఱుగక ఇచ్చుట దుబారా.

ఆ కీర్తికి 1858లో పరీక్ష వచ్చెను. అమెరికా యువకుడగు పాల్ మార్ఫీ పారిస్ నగరమున నుండెను. పాఠశాల విడిచి పోజాలక, ఆండర్సెన్ క్రిస్మసు సెలవుల వఱకు ఆగి, అంతదూరము తానే ప్రయాణమై పోయెను. అచట ఏడాటలు ఓడి, రెండు గెలిచి, రెండు సమముగ ముగించెను. అభ్యాసము తగ్గెనని చెప్పినను, తనకంటె సగము వయస్సువాడగు మార్ఫీ ఆధిక్యమును నిండుమనస్సుతో నొప్పుకొనెను.

ఓటమి అతనిని క్రుంగదీయలేదు. 1862లో లండనున మరల ప్రథముడయ్యెను. 1865లో బ్రెస్లౌ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమొసగెను. 1866లో స్టైనిట్జ్ చేతిలో ఓడినను, 1870లో బాడెన్-బాడెన్ పోటీయందు, ఏబదిరెండవ యేట, ఆ స్టైనిట్జునే వెనుకకు నెట్టి ప్రథమస్థానము గైకొనెను. 1879 మార్చి 13వ తేదీన జన్మస్థలమందే పరమపదించెను.

ప్రియ విద్యార్థులారా! దేవుడు మనకిచ్చిన కాలము, బలము, తెలివి బల్లమీది పావులవంటివి. వానిని దాచుకొని ఆటను పోగొట్టుకొనువారు పెక్కురు. ఉత్తమ కార్యమునకై వెచ్చింప నేర్చినవాడే ధన్యుడు. గెలుపు ఓటములు రెండింటను నెమ్మది విడువనివాడు అంతకంటెను ధన్యుడు.