ఎదుర్లంక రేవు నుంచి స్పీకరు పీఠం దాకా

కూర్మన్నపాలెం: ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకానికి కేంద్రం 2021 జనవరిలో నిర్ణయం చేస్తే, ఈ కూడలిలో కార్మికుల దీక్షా శిబిరం వెలిసింది. ఢిల్లీ నిర్ణయం మన గుమ్మంలోకి ఎట్లా వొచ్చి పడుతుందో ఇక్కడి జనానికి ఒకరు చెప్పనక్కర లేదు. పార్లమెంటులో ఒక సీటుకీ, ఒక్క ఓటుకీ ఉన్న విలువ తెలియాలంటే గంటి మోహనచంద్ర బాలయోగి జీవితం చూడాలి.

1951 అక్టోబరు 1న తూర్పు గోదావరి జిల్లా ఎదుర్లంకలో దళిత వ్యవసాయ కుటుంబంలో పుట్టేరు. ఊరు గోదావరి ఒడ్డున ఉంది. చిన్న చదువుకే గుత్తెనదీవి పోవలసి వొచ్చింది. కాకినాడలో డిగ్రీ, మన విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ., లా చదివేరు. 1980లో కాకినాడలో ప్లీడరయ్యేరు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వొచ్చినా దాన్ని వొదిలి రాజకీయాల్లోకి దిగేరు. 1987లో జిల్లా ప్రజా పరిషత్ చైర్మన్ అయ్యేరు. 1991లో తెలుగుదేశం తరఫున అమలాపురం రిజర్వుడు స్థానం నుంచి లోక్‌సభకు వెళ్లేరు. 1996లో ఓడిపోయేరు. తర్వాత ముమ్మిడివరం శాసనసభ ఉపఎన్నికలో గెలిచి ఉన్నత విద్యా మంత్రి అయ్యేరు. 1998లో మళ్లీ లోక్‌సభకు నెగ్గి, మార్చి 24న స్పీకరయ్యేరు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయనే.

1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం మీద ఓటింగు జరిగింది. ఒరిస్సా ముఖ్యమంత్రి అయినా కోరాపుట్ ఎంపీ పదవి వొదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యొచ్చా అన్న పేచీ వొచ్చింది. స్పీకరు ఆ నిర్ణయాన్ని సభ్యుడి అంతరాత్మకే వొదిలేరు. 269కి 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలింది. ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి ఓటేసింది ఆయన సొంత పార్టీయే. అదే ఏడాది అక్టోబరులో మళ్లీ ఆయన్నే స్పీకరుగా ఎన్నుకున్నారు.

2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో ఆయన ఎక్కిన హెలికాప్టరు చేపల చెరువులో కూలిపోయింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లే. సభ్యుడు పోయి సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఉపఎన్నిక జరపాలని చట్టం. అమలాపురంలో ఆయన భార్య విజయకుమారి నిలబడి గెలిచేరు. 2024లో కొడుకు హరీష్ మాధుర్ అదే స్థానం నుంచి నెగ్గేరు.

కన్నీళ్లకు విలువ ఉంది, కాదనం. కానీ ఉపఎన్నిక అంటే సంతాప సభ కాదు. పోయిన మనిషి మొదలెట్టిన పని ఎంతవరకూ వొచ్చిందని నిలదీసే సమయం. యానాం–ఎదుర్లంక వారధి 2002లో పూర్తయి ఆయన పేరు పెట్టుకుంది. 2000-01లో మంజూరైన కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం మాత్రం రెండు దశాబ్దాలు దాటినా పూర్తి కాలేదు. దళితుడు స్పీకరయ్యేడు, మంచిదే. లంకల్లో కూలి చేసే దళితుడికి సెంటు భూమి దక్కిందా అన్నది వేరే ప్రశ్న. రిజర్వుడు సీటు ఆ ప్రశ్నను సభలో పెట్టే అవకాశం ఇస్తుంది, జవాబు తనంతట తాను తెచ్చివ్వదు.

ఒక్క ఓటు ప్రభుత్వాన్ని కూల్చగలిగితే, కూలీల ఓట్లన్నీ ఒక్కటైతే ఏమి చెయ్యలేవు? ఉపఎన్నిక ఎక్కడ వొచ్చినా ఫోటోకు దండం పెట్టండి. ఓటు మాత్రం భూమికీ, కూలి రేటుకీ, కర్మాగారానికీ లెక్క చెప్పేవాళ్లకే వెయ్యండి.