శూన్యం సాధించిన స్వామికి జయంతి వందనం

డిసెంబరు 5 స్వామి జ్ఞానానంద జయంతి. 1896లో పశ్చిమ గోదావరి గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టిన ఆయనకు మా కంభం నుంచి నమస్కారం. రాయల కాలం నాటి చెరువు నీళ్లు తాగే ఊరు మాది. ఎప్పుడో కట్టిపెట్టి పోయినవాళ్లను తలచుకోవడం మాకు అలవాటే.

స్వామి గురించి మాట్లాడేవాళ్లు చాలామంది కాషాయం దగ్గరే ఆగిపోతారు. హిమాలయాల్లో తపస్సు చేసిన యోగి ఐరోపా వెళ్లి, నలభై ఏళ్లకు దగ్గరపడ్డాక ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రేల మీద పరిశోధన చేయడం వింతే, కాదనను. నాకు మాత్రం ఆయన చేతిపని మీద గౌరవం ఎక్కువ.

వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ పరమాణువును గుద్దితే లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోకి పైనుంచి మరొకటి దిగుతుంది. మిగిలిన శక్తి ఎక్స్‌రేగా బయటికొస్తుంది. ఏ మూలకం తరంగదైర్ఘ్యం దానిదే. వాటిని వేరుచేసేది స్ఫటికం. మార్కాపురం పలకరాయి పొరల్లాగే స్ఫటికంలో పరమాణువులు వరసలు తీరి ఉంటాయి. ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో కోణంలో తిరిగొస్తుంది. ఈ విద్యలో స్వామికి గురువు డొలెయ్‌షెక్. నాజీల నిర్బంధంలో 1945 జనవరిలో ఆయన కన్నుమూశారు. స్వామికి రెండో గురువు లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్, న్యూట్రాన్‌ను కనిపెట్టిన మనిషి. అక్కడ నేర్చింది బీటా కిరణాల వర్ణపటం.

ఈ పనులన్నిటికీ అడ్డం గాలి. మామూలు గాలిలో ఒక అణువు మరొకదాన్ని తాకకుండా సాగే దూరం మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా ఉండదు. పీడనాన్ని పాదరసమట్టపు మిల్లీమీటరులో పదిలక్షలవ వంతుకు దించితే అదే అణువు యాభై మీటర్ల దాకా పోతుంది. గుద్దించాల్సింది లక్ష్యాన్ని గానీ దారిలో గాలిని కాదు గదా! 1947లో స్వామి ‘హై వాక్యువా’ గ్రంథం వచ్చింది. సన్యాసి శూన్యం మీద రాశాడంటే వేదాంతం అనుకునేరు, అది పంపుల గురించి, పీడనం కొలిచే గేజీల గురించి.

అమెరికాలో మిషిగన్, తర్వాత ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాల, 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. వాల్తేరులో అణుభౌతిక శాఖను నిలబెట్టి 1969లో కన్నుమూశారు. ఆయన పేరు పెట్టుకున్న ప్రయోగశాలలవాళ్లు భువనేశ్వర్ యాక్సిలరేటర్‌లో ప్రోటాన్లతో గుద్దించి, క్యాన్సర్ కణజాలంలో, ఔషధ మొక్కల్లో లేశమాత్రంగా ఉన్న మూలకాలను ఎక్స్‌రేల ద్వారా లెక్కకట్టారు. ప్రాగ్‌లో స్వామి పట్టుకున్న విద్యే ఇది. వాళ్లందరికీ ఈ రోజున అభినందనలు.

కంభం, గిద్దలూరు, మార్కాపురం కాలేజీల ఫిజిక్స్ మాస్టార్లకు ఒక మనవి. జయంతి రోజున దండలూ ఉపన్యాసాలూ తగ్గించి, స్టోరు గదిలో మూలపడ్డ వాక్యూమ్ పంపు ఉంటే బయటికి తీయండి. గాజు గంటలో కరెంటు బెల్లు పెట్టి, గాలి లాగేసి, మోత ఎలా సన్నగిల్లుతుందో పిల్లలకు వినిపించండి.