పంతులుగారి ప్రహసనములు

కందుకూరి వీరేశలింగము పంతులుగారనగానే 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున జరిగిన వితంతు వివాహము జనులకు స్ఫురించును. అంతకుముందే వారు హాస్యమను ఆయుధమును పూనిరి. 1848లో జన్మించి, నాలుగవ యేటనే తండ్రిని గోలుపోయి, 1874లో వివేకవర్ధనిని, పిమ్మట హాస్యసంజీవనిని నడపిరి. బ్రహ్మవివాహ ప్రహసనములో బాలికను పెండ్లాడనెంచిన వృద్ధుని రచ్చకీడ్చిరి. వ్యవహారధర్మబోధినిలో వకీళ్ల వంతు వచ్చెను. 1880లో దానిని శిష్యులచే ఆడించిరి. మహాపండితులయ్యు పాత్రల నోట వాడుకమాటలనే పెట్టిరి. లేనిచో కచేరి గుమాస్తా సైతము ప్రబంధనాయకునివలె పలికియుండును! కథాసంవిధానము పలుచన యనువారు కలరు. నిజమే. కాని వినోదముకంటె అన్యాయపరులకు సిగ్గు కలిగించుటయే వారి యుద్దేశము. అద్దమున తమ ముఖమును గాంచినవారు అద్దము పట్టినవానిని మన్నింతురా? అట్టి విరోధుల నడుమనే మఱుసటియేట పోలీసు కాపుదలతో ఆ పెండ్లి జరిపించిరి. 1919 మే 27న చెన్నపట్టణమున కన్నుమూసిరి.