తాళం చూడకుండానే తాళంచెవి చేసిన మనిషి

జీవరసాయన ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ ఏదో ఒకరోజు ఒక తెలుగువాడి పేరు పలకక తప్పదు. ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలంటే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటాం. పరీక్షనాళికలో నీలిరంగు తేలగానే రీడింగు రాసుకుని, రికార్డు పుస్తకం మూసేసి, బస్సు వేళకు బయటపడతాం. ఆ రెండో పేరు ఎవరిదని అడిగేవాళ్లు తక్కువ. సంచికకు ఒక శాస్త్రజ్ఞుడి జీవితం రాయమని అడిగినప్పుడు నేను ఆయన్నే ఎంచుకున్నాను. ఎందుకంటే ఆయన కథలో ముఖ్యమైన ఘట్టం ఒకటి ఆయన పోయిన 29 ఏళ్లకు జరిగింది. దాన్ని మన పాఠ్యపుస్తకాలు ఆయన పేరుతో కలిపి చెప్పవు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చదువులో మొదట్లో మెరిసినవాడేం కాదు, మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక ఖద్దరు తొడుక్కున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు కన్నెర్ర చేశాడు. ఆ కోపం ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే రోగంతో కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం విరిగిపోయి, మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. అప్పట్లో దానికి మందు లేదు.

కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడ దాతల నిధితో బోస్టన్ చేరాడు. భార్య శేషగిరిగారిని ఇక్కడే వదిలి వెళ్లాడు. మళ్లీ ఈ దేశం గడ్డ తొక్కలేదు. ఆయన్ను పొగిడేటప్పుడు ఈ మాట దాటవేయడం నాకు న్యాయం అనిపించదు. ఆ చదువుకు మూల్యం చెల్లించిన వాళ్లలో ఆమె కూడా ఉన్నారు.

పొట్టగడవడానికి ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూనే హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. 1925లో ఫాస్ఫరస్ పద్ధతి, 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా ఏటీపీని కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ఔషధ సంస్థకు మారాడు.

అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. అన్నదమ్ములను తీసుకెళ్లిన స్ప్రూకు అది పనికొచ్చింది, కాని వాళ్లు పోయి పాతికేళ్లు దాటాక. 1947లో హెట్రజాన్ వచ్చింది. డీఈసీ అంటే మన జిల్లా వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కరీంనగర్ దిక్కు బోదకాలు ఎరగని ఊరుండదు. 2004 నుంచి దేశవ్యాప్తంగా ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే.

అప్పుడే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సరు వచ్చిన పసిపిల్లలను చూస్తున్నాడు. ఫోలిక్ జాతి పదార్థం ఇస్తే రోగం ఇంకా పెరిగినట్టు కనిపించింది. అట్లయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన మందులను తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి: అమినోప్టెరిన్ పుచ్చుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశాడు. వయసు 53. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఆ తర్వాత ప్రపంచమంతా పాకింది.

మరి ఆ మందు ఒంట్లో ఎక్కడ పట్టుకుంటుంది? ఆయనకు తెలియదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుందని 1950ల చివరకు తేలింది. కణం డీఎన్ఏ తయారుచేసుకోవాలంటే ఆ ఎంజైము నడవాలి. ఎలా అడ్డుకుంటుందో కళ్లతో చూడాలంటే మాత్రం స్ఫటికం కావాలి.

ఇందుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో జోసెఫ్ క్రౌట్ బృందం మన పేగుల్లో ఉండే ఎషెరిషియా కోలై అనే బాక్టీరియాను ఎన్నుకుంది. అందులోనూ మెథోట్రెక్సేట్‌కు లొంగని రకాన్ని తీసుకుంది. మందును తట్టుకోవడానికి ఆ బాక్టీరియా ఎంజైమును కుప్పలుగా తయారుచేస్తుంది మరి. ఎంజైమును శుద్ధిచేసి, మందుతో కలిపి, నెమ్మదిగా స్ఫటికంగా పెంచాలి. దానిమీద ఎక్స్-కిరణాలు పడితే వేల చుక్కలు వస్తాయి. చుక్కల తీవ్రత తెలుస్తుంది గాని తరంగాల దశ తెలియదు. అందుకు పాదరసం, ప్లాటినం వంటి బరువైన పరమాణువులను చొప్పించి పోల్చి చూడడం ఆ రోజుల్లో ప్రధాన మార్గం. అప్పుడుగాని ఎలక్ట్రాన్ల పటం గీయడం కుదరదు.

1977లో పటం అచ్చయింది. 159 అమైనో ఆమ్లాల గొలుసు, మధ్యలో లోతైన చీలిక, అందులో ఇరుక్కున్న మెథోట్రెక్సేట్. 27వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం దాన్ని బిగించి పట్టుకుంది. 1982లో మరింత స్పష్టమైన పటం వచ్చేసరికి ఒక విశేషం గట్టిపడింది. మందు ఫోలిక్ ఆమ్లంలాగే కూర్చుంటుందని అందరూ అనుకున్నారు. దాని జంట ఉంగరాల భాగం నిజానికి తిరగబడి కూర్చుంది. తాళంచెవిని తిరగేసి దూర్చితే తాళం తెరుచుకోదు, చెవీ సులువుగా బయటికి రాదు. సుబ్బారావు బృందం తాళం చూడకుండానే అలాంటి చెవి చేసింది!

మంథనిలో మా పెద్దమ్మకు కీళ్లవాతం. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, వేరే రోజు ఫోలిక్ ఆమ్లం. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు చీటీమీద ఎర్రగీత గీశారు. మందు, దాని చెడును తగ్గించే విటమిను, రెండూ ఒకే మనిషి ప్రయోగశాలనుంచి వచ్చినవే. ఈ సంగతి చెబితే ఆమె ముందు అడిగింది ఆయన పిల్లల గురించి. ఉన్న ఒక్క కొడుకూ పసితనంలోనే పోయాడని చెప్పాను. ఆమె మరేం అనలేదు.

1995లో ప్రభుత్వం ఆయన శతజయంతికి తపాలాబిళ్ల వేసింది. నోబెల్ రాలేదు. ఆ లెక్క మనం సరిచేయలేం. చేయగలిగింది ఒకటుంది. ఆ ఎంజైము ఆకృతి ఇప్పుడు ప్రోటీన్ డేటా బ్యాంకులో ఉచితంగా దొరుకుతుంది. హాస్టలు గదిలో సెల్‌ఫోను మీద వేలితో తిప్పి చూడొచ్చు. ఆ చీలికలో తిరగబడి కూర్చున్న చిన్న అణువును గుర్తుపట్టండి. 1948లో పోయిన మనిషి చూడలేకపోయింది అదే.