రక్తనాళాలను కుట్టిన శస్త్రవైద్యుడు: అలెక్సిస్ కారెల్

గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగిందన్న మాట నేడు మనకు వింత కాదు. బృహద్ధమని ముఖాన ఉండే కవాటం బిగుసుకుపోయి, గుండె కండరాన్ని పోషించే హృదయ ధమనులు కూడ పూడుకుపోయినప్పుడు, ఆ రెండు దోషాలను ఒకే పర్యాయం సరిదిద్దడం కూడ సాధ్యమైంది. ఈ విద్యకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు అలెక్సిస్ కారెల్.

కారెల్ 1873 జూన్ 28న ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగర సమీపాన జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. అతడు వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు, 1894 జూన్‌లో, దేశాధ్యక్షుడు సాదీ కార్నో అదే నగరంలో కత్తిపోటుకు గురై మరణించాడు. తెగిన పెద్ద సిరను కుట్టి రక్తప్రవాహాన్ని నిలబెట్టే నేర్పు ఆనాటి శస్త్రవైద్యానికి ఇంకా అలవడలేదు. ఈ లోపం కారెల్ మనస్సును కలచివేసింది. అతడు సంకోచించక, బట్టలపై సన్నని అల్లికలు అల్లే ఒక నిపుణురాలి వద్ద సూదిపని నేర్చుకున్నాడు. తెగిన నాళపు అంచులను మూడు చోట్ల దారంతో పట్టి త్రికోణంగా సాగదీసి కుట్టే పద్ధతిని రూపొందించి, 1902లో ప్రకటించాడు.

1904లో అమెరికా ఖండానికి వెళ్లి, చికాగోలో చార్లెస్ గుత్రీతో కలసి పరిశోధించాడు. 1906లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో చేరాడు. 1910లో ప్రకటించిన ఒక ప్రయోగంలో అతడు కుక్క బృహద్ధమనిని, హృదయ ధమనిని మరొక నాళపు ముక్కతో కలిపాడు. కుట్టు పూర్తి కాకముందే గుండె లయ తప్పింది. కొద్ది గంటలకే ఆ జంతువు మరణించింది. మార్గం సరైనదే, చాలనిది కాలము. 1912లో అతనికి నోబెల్ బహుమతి లభించింది.

ఆ కాలాన్ని సంపాదించి పెట్టినవాడు జాన్ గిబ్బన్. 1953లో అతని యంత్రం గుండె, ఊపిరితిత్తుల పనిని తాను చేస్తూ రోగి ప్రాణాన్ని నిలిపింది. 1967లో రెనే ఫవలోరో కాలి సిరతో బైపాస్ పద్ధతిని స్థిరపరచాడు. అయినను కారెల్ ఎదుర్కొన్న సమస్య పూర్తిగా తొలగలేదు. కవాటం మార్పిడి, బైపాస్ రెండూ కలిసినచో గుండెను ఆపి ఉంచే వ్యవధి పెరుగుతుంది. కవాటం ఒక్కటే మార్చినప్పటికంటె అపాయమూ సాధారణంగా అధికం. వయస్సు, మూత్రపిండాల స్థితి, గుండె బలం ఫలితాన్ని నిర్ణయిస్తాయి. కాని పూడిక తీవ్రంగా ఉన్న ధమనిని విడిచిపెట్టుట కూడ అపాయమే. అందుచేత తగిన రోగులకు వైద్యులు రెండింటిని కలిపియే చేస్తారు.

ఇంతటి ప్రతిభావంతుని జీవితంలో ఒక చీకటి కోణమున్నది. 1935లో వెలువడిన తన గ్రంథంలో కారెల్, కొందరు నేరస్థులను, మతిస్థిమితం లేని నేరస్థులను విషవాయువుతో అంతమొందించవచ్చునని వాదించాడు. జర్మనుల ఆక్రమణ కాలంలో విషీ ప్రభుత్వపు అండతో ఒక పరిశోధనా సంస్థను నడిపాడు. ఆ సంబంధాన్ని గురించిన ఆరోపణల నడుమ 1944 నవంబరు 5న పారిస్‌లో మరణించాడు.

విద్యార్థులు ఈ జీవితంలో రెండు విషయాలు గ్రహించాలి. అల్లికపని చేసే స్త్రీ వద్ద శిష్యరికం చేయడానికి వెనుకాడని వినయం అతణ్ణి మహోన్నతుణ్ణి చేసింది. ఏ మనుష్యులు బ్రతకదగినవారో తానే నిర్ణయించగలనన్న అహంకారం అతని కీర్తికి మచ్చ తెచ్చింది. అతని చేతి నేర్పును మనం స్వీకరించాలి. ఆ అహంకారాన్ని మాత్రం దరిచేరనీయరాదు.