మామత్ గజము కథ విప్పిన క్యూవియే

ఒక జంతుజాతి భూమిపై సమూలముగా నశించుట సాధ్యమా? నేడు పిల్లలకు సైతము తెలిసిన ఈ సంగతిని రుజువు చేసిన జార్జి క్యూవియే చరిత్రను సంగ్రహముగా పాఠకుల ముందుంచుచున్నాము.

ఇతడు 1769లో మోంబెలియార్ పట్టణమున జన్మించెను. ఆ ఊరివారి భాష ఫ్రెంచి. ఏలిక జర్మన్ ప్రభువు. కనుక స్టుట్‌గార్టులో జర్మన్ నేర్చి చదువుకొనవలసి వచ్చెను. పిదప నార్మండీలో ఒక ప్రభువంశమువారి యింట చదువు చెప్పుచు, సముద్రతీరమున దొరకు జీవులను కోసి పరిశీలించెను. 1795లో పారిస్ చేరెను.

సైబీరియా మంచునేలలో దొరకుచుండిన పెద్ద ఎముకలు ప్రళయజలములు కొట్టుకొనివచ్చిన ఏనుగులవని ఆనాడు కొందరు తలచిరి. ఆ మృగములు ఎక్కడనో ఇంకను తిరుగుచున్నవని మరికొందరు నమ్మిరి. 1796లో క్యూవియే సింహళపు ఏనుగు, ఆఫ్రికా ఏనుగుల పుర్రెలను, దవడపండ్లను మామత్ ఎముకలతో పోల్చి చూపెను. మూడును వేరు జాతులనియు, మామత్ అంతరించినదనియు తేల్చెను.

అయినను జాతులు క్రమముగా మారునను వాదమును ఇతడు తుదివరకు అంగీకరింపలేదు. సహాధ్యాపకుడైన లామార్కును గట్టిగా ఎదిరించెను. 1832లో పారిస్‌లోనే మరణించెను.

ఇతడు కాదన్న మార్పునకు మామత్ చరిత్రయే సాక్ష్యమైనది. వాటి పూర్వులు ఆఫ్రికాలో పుట్టి, ఉత్తరమునకు వలసపోయి, తరతరములుగా చలికి తగినట్లు మారినవి. కడపటివి రాంగెల్ ద్వీపమున సుమారు 4,000 ఏండ్ల క్రిందటి వరకు బ్రతికినవి. ఆఫ్రికా ఏనుగుకంటె మన ఏనుగే వాటికి దగ్గర చుట్టము. పోయిన జాతి మరల రాదని ఎరిగిన మనము ఈ చుట్టమునైనను నిలుపుకొనవలదా?